మూడు పదవులు, ఒక వారసుడు: కలకత్తా మేయర్ ఎన్నిక (1925) – నగర కాంగ్రెస్ నాయకత్వ మార్పు

వ్యాససంగ్రహం:

దేశబంధు చిత్తరంజన్ దాస్ 1925 జూన్ 16న మరణించే నాటికి కలకత్తా మేయరు, బెంగాల్ రాష్ట్ర కాంగ్రెస్ సంఘాధ్యక్షుడు, శాసనమండలిలో స్వరాజ్య పార్టీ నాయకుడు. ఆయన మరణం తర్వాత నెల రోజులకే ఈ మూడు పదవులూ జతీంద్రమోహన్ సేన్‌గుప్తాకు దక్కాయి. ఖాళీ అయిన మేయర్ స్థానానికి ఎన్నిక జరగవలసి ఉండగా తీసుకున్న ఈ నిర్ణయం ఐక్యతను కాపాడే ఏర్పాటుగా నాటి పెద్దలకు తోచింది. ఆచరణలో అది ఏటా జరిగే మేయర్ ఎన్నికను పార్టీ అంతర్గత పోరుకు కొలమానంగా మార్చింది. దాస్ పదవులు వారసుడికి అందాయి గాని, ఆ పదవులకు బలమిచ్చిన ఒడంబడికలు అందలేదని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: కలకత్తా నగరపాలక సంస్థ, మేయర్, చిత్తరంజన్ దాస్, జె.ఎం. సేన్‌గుప్తా, సుభాష్ చంద్రబోస్, బెంగాల్ ఒప్పందం, కాకినాడ కాంగ్రెస్.

1. ప్రవేశిక

జాతీయోద్యమ చరిత్రను మనం ఎక్కువగా సత్యాగ్రహాల ద్వారా, మహాసభల తీర్మానాల ద్వారా చదువుకున్నాం. పురపాలక సంఘాల సమావేశ మందిరాలు ఆ చరిత్రలో మూలకు చేరాయి. అయితే 1920ల నాటి కాంగ్రెస్ నాయకులు చాలామంది పరిపాలనను మొదట నేర్చుకున్నది ఆ మందిరాల్లోనే. పార్టీ క్రమశిక్షణ, పదవుల పంపిణీ, అల్పసంఖ్యాకులతో సర్దుబాటు, ఉద్యోగ నియామకాలు, కాంట్రాక్టులు మొదలైన సమస్యలన్నీ స్వాతంత్ర్యానికి పాతికేళ్ల ముందే అక్కడ ఎదురయ్యాయి.

సుభాష్ చంద్రబోస్ పేరు వినగానే తెలుగు పాఠకులకు 1939 నాటి త్రిపురి కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నిక స్ఫురిస్తుంది. అందులో ఓడిన అభ్యర్థి డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య కావడమే దీనికి కారణం. త్రిపురికి పదకొండేళ్ల ముందు సుభాష్ కలకత్తా మేయర్ పదవికి పోటీచేసి ఓడారు. ఆ తర్వాత రెండేళ్లకు జైలులో ఉండగానే అదే పదవికి ఎన్నికయ్యారు. ఈ ఓటమి, గెలుపుల వెనుక 1925 జులైలో జరిగిన నాయకత్వ మార్పు ఉంది.

బెంగాల్ కాంగ్రెస్ చీలికలను జాన్ గల్లాగర్, రజత్ కాంత రే, లెనర్డ్ గోర్డన్ వంటి చరిత్రకారులు విస్తారంగా చర్చించారు. నాయకుల మధ్య స్పర్ధ, కలకత్తా భద్రలోకానికీ జిల్లాలకూ మధ్య దూరం, విప్లవ బృందాల పాత్ర వంటి కారణాలు వారి రచనల్లో కనిపిస్తాయి. ఈ వ్యాసం ఆ కారణాలను కాదనదు. అయితే మేయర్ పదవి స్వభావాన్నీ, ఆ పదవిని పార్టీ పదవులతో ముడివేసిన తీరునూ ప్రధానంగా పరిశీలిస్తుంది.

2. కాకినాడ నుంచి కలకత్తాకు

ఈ కథ ఆరంభంలో ఒక తెలుగు పట్టణం ఉంది. 1922 డిసెంబరులో గయ కాంగ్రెసుకు దాస్ అధ్యక్షత వహించారు. శాసనసభల్లో ప్రవేశించాలన్న ఆయన వాదాన్ని ఆ సభ తిరస్కరించింది. 1923 ఆరంభంలో మోతీలాల్ నెహ్రూతో కలిసి ఆయన స్వరాజ్య పార్టీని స్థాపించారు. ఆ ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ ప్రత్యేక కాంగ్రెస్ శాసనసభా ప్రవేశానికి అనుమతించింది. నవంబరు ఎన్నికల్లో బెంగాల్ శాసనమండలిలో స్వరాజ్య పార్టీ అతిపెద్ద పక్షంగా అవతరించింది.

డిసెంబరులో కాకినాడలో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది. దేశభక్త కొండా వెంకటప్పయ్య ఆహ్వాన సంఘాధ్యక్షులు. ఢిల్లీ రాజీని ఈ సభ స్థిరపరచింది. ఆ మేరకు దాస్ విజయం సాధించారు. మరో విషయంలో మాత్రం ఆయనకు కాకినాడలో ఎదురుదెబ్బ తగిలింది. అదే బెంగాల్ ఒప్పందం.

బెంగాల్‌లోని ముస్లిం నాయకులతో దాస్ కుదుర్చుకున్న ఆ ఒప్పందం ప్రకారం శాసనమండలిలో ప్రాతినిధ్యం జనాభాను బట్టి, ప్రత్యేక నియోజకవర్గాల ద్వారా ఉంటుంది. స్థానిక సంస్థల్లో ఆయా జిల్లాల్లోని అధికసంఖ్యాకులకు 60 శాతం, అల్పసంఖ్యాకులకు 40 శాతం స్థానాలు దక్కుతాయి. ప్రభుత్వోద్యోగాల్లో 55 శాతం ముస్లింలకు లభిస్తాయి. మసీదుల ముందు ఊరేగింపుల వాద్యఘోష ఉండదు. మతపరమైన గోవధ విషయంలో ఇతరులు జోక్యం చేసుకోరు. కాకినాడ మహాసభ ఈ ఒప్పందాన్ని ఆమోదించలేదు. అఖిల భారత స్థాయిలో పరిష్కరించవలసిన సమస్యకు ఒక రాష్ట్రం విడిగా షరతులు రాసుకోవడం తగదని పలువురు ప్రతినిధులు భావించారు.

దాస్ వెనకడుగు వేయలేదు. 1924లో సిరాజ్‌గంజ్‌లో జరిగిన రాష్ట్ర మహాసభలో ఒప్పందానికి ఆమోదం పొందారు. అంటే ఈ ఒప్పందానికి జాతీయ కాంగ్రెస్ ముద్ర లేదు. రాష్ట్ర సభ తీర్మానం, దాస్ మాట, ఈ రెండే దానికి ఆధారాలు. దాని బలం ఎంతో, బలహీనత ఎంతో ఇక్కడే తెలుస్తుంది. తరువాతి పరిణామాలను అర్థం చేసుకోవడానికి ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

3. 1923 చట్టం: మేయర్ పదవి స్వరూపం

కలకత్తాకు ఎన్నికైన మేయర్‌ను ఇచ్చిన చట్టం సురేంద్రనాథ్ బెనర్జీ కృషి ఫలితం. 1899లో మెకంజీ చట్టం కార్పొరేషన్‌లో ఎన్నికైన సభ్యుల సంఖ్యను తగ్గించినప్పుడు నిరసనగా రాజీనామా చేసిన 28 మంది సభ్యుల్లో ఆయన ఒకరు. ద్వంద్వ ప్రభుత్వంలో స్థానిక స్వపరిపాలన శాఖ మంత్రి అయ్యాక ఆయన 1923లో కలకత్తా పురపాలక చట్టాన్ని తెచ్చారు. ఆ చట్టం ఓటుహక్కును విస్తరించింది. ఎన్నికైన సభ్యులకు ఆధిక్యం ఇచ్చింది. పరిసర పురపాలక సంఘాలను నగరంలో కలిపింది. ముస్లింలకు ప్రత్యేక స్థానాలు కల్పించింది.

విధి విచిత్రమేమంటే, చట్టం అమల్లోకి రాకముందే దాని నిర్మాతను ఓటర్లు తిరస్కరించారు. 1923 నవంబరు శాసనమండలి ఎన్నికల్లో బారక్‌పూర్ స్థానంలో సురేంద్రనాథ్‌ను డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ ఓడించారు. ప్రభుత్వంతో సహకరించిన మితవాది శ్రమించి సిద్ధం చేసిన సంస్థ, ప్రభుత్వంతో సహకరించబోమన్న పక్షం చేతికి వచ్చింది.

చట్టంలోని మూడు అంశాలు మన పరిశీలనకు ముఖ్యం. మొదటిది, మేయర్‌ను నగర ఓటర్లు నేరుగా ఎన్నుకోరు. కౌన్సిలర్లు, ఆల్డర్మెన్ కలిసి ఎన్నుకుంటారు. రెండవది, మేయర్ పదవీకాలం ఒక్క ఏడాది. మూడవది, రోజువారీ పరిపాలన ముఖ్య కార్యనిర్వహణాధికారి చేతిలో, స్థాయీ సంఘాల చేతిలో ఉంటుంది. మేయర్ సభాధ్యక్షుడు, నగర ప్రథమ పౌరుడు. ఆ పదవికి అధికారం తక్కువ, ప్రతిష్ఠ ఎక్కువ.

ఇటువంటి పదవి రాజకీయంగా రెండు విధాలుగా పనిచేస్తుంది. వ్యక్తి సొంత పలుకుబడితో వచ్చి కూర్చుంటే పదవి ఆ పలుకుబడికి వేదిక అవుతుంది. పలుకుబడి కోసం పదవిని ఆశ్రయిస్తే, ప్రతి ఏప్రిల్‌లోనూ దానిని మళ్లీ సంపాదించుకోవలసి వస్తుంది. దాస్ మొదటి కోవకు చెందినవారు. ఆయన వారసులందరూ ఎక్కువ తక్కువలుగా రెండవ స్థితిలో చిక్కుకున్నారు.

4. దాస్ కార్పొరేషన్: 1924–25

1924 పురపాలక ఎన్నికల్లో స్వరాజ్య పార్టీ ఆధిక్యం సాధించింది. ఏప్రిల్‌లో దాస్ మేయరుగా ఎన్నికయ్యారు. హుసేన్ షహీద్ సుహ్రావర్దీ ఉప మేయర్ అయ్యారు. ఐసీఎస్‌ను వదులుకుని వచ్చిన ఇరవై ఏడేళ్ల సుభాష్ చంద్రబోస్ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. మూడు వేల రూపాయల నెలజీతంలో ఆయన సగమే తీసుకున్నారు.

మేయర్‌గా దాస్ ప్రకటించిన కార్యక్రమంలో ఉచిత ప్రాథమిక విద్య, పేదలకు ఉచిత వైద్యం, చౌకగా ఆహారం, పాలు, మెరుగైన నీటి సరఫరా, పారిశుద్ధ్యం, పేదలకు ఇళ్లు, శివారు ప్రాంతాల అభివృద్ధి ఉన్నాయి. దరిద్ర నారాయణ సేవను ఆయన ఈ కార్యక్రమానికి ఆదర్శంగా చెప్పారు. కార్పొరేషన్ ఆధ్వర్యంలో ఉచిత పాఠశాలలు పెరిగాయి. సిబ్బంది దుస్తుల్లోకి ఖద్దరు వచ్చింది. 1924 నవంబరులో అమల్ హోమ్ సంపాదకత్వంలో కలకత్తా మునిసిపల్ గెజిట్ వెలువడసాగింది.

ఈ నియామకాలను ఒక పంపకంగా కాక ఒక కూర్పుగా చూడాలి. ఉప మేయర్ స్థానం ముస్లింలకు ఇచ్చిన మాటకు గుర్తు. సుభాష్ నియామకం యువతరానికీ, విప్లవ బృందాల సానుభూతిపరులకూ భరోసా. దాస్ చుట్టూ జమీందారులు, వ్యాపారులు, వైద్యులు, న్యాయవాదులు ఉన్నారు. జిల్లాల నుంచి మేదినీపూర్ నాయకుడు బీరేంద్రనాథ్ శాస్మల్ వంటి వారు ఉన్నారు. వీరిలో ఒకరికి మరొకరితో పొత్తు లేదు. అందరికీ దాస్‌తోనే పొత్తు. లక్షలు ఆర్జించిన న్యాయవాద వృత్తిని వదిలి, సొంత ఇంటిని సైతం ప్రజలకు ఇచ్చిన మనిషిగా ఆయనకున్న నైతిక బలం ఆ పొత్తులను నిలబెట్టింది.

ఆ కూర్పులో అసంతృప్తి లేకపోలేదు. ముఖ్య కార్యనిర్వహణాధికారి పదవికి శాస్మల్ పేరు కూడా వినిపించింది. మేదినీపూర్‌లో యూనియన్ బోర్డు వ్యతిరేకోద్యమాన్ని నడిపిన నాయకుడాయన. చివరకు పదవి సుభాష్‌కు దక్కడంతో కలకత్తా పెద్ద కులాల పెద్దలు జిల్లా నాయకులను చిన్నచూపు చూస్తారన్న భావన బలపడింది. దాస్ ఉన్నంతకాలం అది మనస్తాపంగానే ఉంది. ఆయన తర్వాత అది చీలికకు ఒక కారణమైంది.

1924 అక్టోబరు 25న ప్రభుత్వం సుభాష్‌ను నిర్బంధించింది. కొంతకాలానికి ఆయనను మాండలే జైలుకు తరలించారు. ఇలా నగర నాయకత్వంలో తొలి ఖాళీని ప్రభుత్వమే సృష్టించింది. రెండవది మృత్యువు సృష్టించింది. 1925లో మళ్లీ మేయరుగా ఎన్నికైన దాస్ ఆ జూన్‌లో డార్జిలింగ్‌లో కన్నుమూశారు.

5. 1925 జులై: పదవుల బదిలీ

దాస్ మరణించినప్పుడు గాంధీజీ బెంగాల్ పర్యటనలో ఉన్నారు. అంత్యక్రియల తర్వాత కలకత్తాలో ఉండి స్మారక నిధి సేకరణకు పూనుకున్నారు. దాస్ గృహం చిత్తరంజన్ సేవాసదన్ ఆసుపత్రిగా రూపుదిద్దుకోవడం ఆ కృషి ఫలితమే. అదే రోజుల్లో దాస్ వారసుడెవరన్న ప్రశ్న కూడా ఆయన ముందుకు వచ్చింది.

శాసనసభా ప్రవేశాన్ని మొదట వ్యతిరేకించిన గాంధీజీ అప్పటికి స్వరాజ్య పార్టీతో రాజీపడ్డారు. 1924 నవంబరులో దాస్, మోతీలాల్‌లతో కలిసి చేసిన ప్రకటన ద్వారా స్వరాజ్య పార్టీ కాంగ్రెసులో భాగంగా శాసనసభల్లో పనిచేయడానికి ఆయన సమ్మతించారు. కాబట్టి బెంగాల్‌లో ఆ పార్టీ చెదిరిపోకూడదన్నది 1925లో ఆయన కోరిక కూడా. మూడు పదవులూ ఒకే చేతిలో ఉంటే దాస్ నెలకొల్పిన ఏకత్వం కొనసాగుతుందన్న ఆలోచన అప్పుడు బలపడింది. గాంధీజీ మద్దతుతో జతీంద్రమోహన్ సేన్‌గుప్తా రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు, మండలిలో పార్టీ నాయకుడు అయ్యారు. జులై 17న మేయర్ పదవి చేపట్టారు. సమకాలికులు దీనిని మూడు కిరీటాలని వ్యవహరించారు.

సేన్‌గుప్తా అర్హతలను తక్కువ చేయనవసరం లేదు. చిట్టగాంగ్ ప్రాంతం నుంచి వచ్చిన ఆ బారిస్టర్ 1921లో అస్సాం–బెంగాల్ రైల్వే సమ్మెకు నాయకత్వం వహించారు. సమ్మెకారుల కోసం అప్పులపాలయ్యారు. ఆంగ్ల వనిత అయిన ఆయన భార్య నెల్లీ కూడా ఉద్యమంలో పాల్గొన్నారు. ఆమె 1933లో కలకత్తా కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. కాబట్టి ఎంపికైన వ్యక్తిలో లోపాన్ని వెతికితే ప్రయోజనం లేదు. లోపం ఏర్పాటులో ఉంది.

దాస్ ఈ మూడు పదవులనూ ఒకేసారి పొందలేదు. గయ, ఢిల్లీ, కాకినాడ, సిరాజ్‌గంజ్ సభల్లో వాదించి, ఓడి, గెలిచి, ఒక్కొక్క వర్గంతో విడివిడిగా మాట్లాడి, ఒక్కొక్క పదవికి వచ్చారు. ప్రతి పదవి వెనుకా ఒక ఒడంబడిక ఉంది. మండలి నాయకత్వం వెనుక ముస్లిం సభ్యుల మద్దతు, రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షత వెనుక విప్లవ బృందాల, జిల్లా నాయకుల సమ్మతి, మేయర్ పదవి వెనుక నగర ప్రముఖుల సహకారం ఉన్నాయి. సేన్‌గుప్తాకు మూడు పదవులూ నెల రోజుల్లో వచ్చాయి. వాటి వెనుక ఉన్న ఒడంబడికలను కొత్తగా కుదుర్చుకోవడానికి వ్యవధి లేదు, ఆ ప్రయత్నమూ జరగలేదు. ఉన్నవే కొనసాగుతాయని అందరూ అనుకున్నారు.

మూడు పదవులను ముగ్గురికి ఇచ్చి ఉంటే ఏం జరిగేదన్నది ఊహ. అయితే ఒకరికే ఇవ్వడం వల్ల ఏం జరిగిందో చరిత్రలో ఉంది. మండలిలో అసంతృప్తి కలిగినా, రాష్ట్ర సంఘంలో తగాదా వచ్చినా దాని ప్రభావం మేయర్ స్థానంపై పడింది. మూడింటిలో ఏటా తప్పనిసరిగా ఎన్నిక జరిగేది దానికే. కాబట్టి వ్యతిరేకులు తమ బలాన్ని ప్రదర్శించుకోవడానికి అదే అనువైన చోటు అయింది.

6. 1926: ఒప్పందం లేని నగరం

కొత్త ఏర్పాటుకు మొదటి పరీక్ష 1926 ఏప్రిల్‌లో ఎదురైంది. ఆ నెల 2న కలకత్తాలో ఆర్యసమాజ్ ఊరేగింపు ఒక మసీదు ముందు నుంచి వాద్యాలతో సాగడంతో ఘర్షణలు మొదలయ్యాయి. అవి నగరాన్ని వారాల తరబడి కుదిపేశాయి. మసీదు ముందు వాద్యాల ప్రశ్న బెంగాల్ ఒప్పందంలో స్పష్టంగా పేర్కొన్న అంశమని ఇక్కడ గమనించాలి. రెండేళ్ల క్రితం షరతుగా రాసుకున్న విషయమే ఇప్పుడు వీథిపోరాటానికి కారణమైంది.

మేలో కృష్ణనగర్‌లో జరిగిన రాష్ట్ర మహాసభకు శాస్మల్ అధ్యక్షుడు. విప్లవ బృందాలపై ఆయన చేసిన విమర్శతో సభ రసాభాస అయింది. బెంగాల్ ఒప్పందాన్ని రద్దు చేయాలన్నవారిదే ఆ సభలో పైచేయి అయింది. ఇలా దాస్ కూర్పులోని రెండు ప్రధాన బంధాలు ఒకే సభలో తెగిపోయాయి. ముస్లింలకు ఇచ్చిన మాట పోయింది. విప్లవ బృందాలకూ జిల్లా నాయకులకూ మధ్య ఉన్న సర్దుబాటు పోయింది. సుహ్రావర్దీ స్వరాజ్య పార్టీకి దూరమయ్యారు. తర్వాతి కాలంలో ఆయన ముస్లిం లీగ్ ప్రముఖ నాయకుడై, 1946లో బెంగాల్ ప్రధానమంత్రి అయ్యారు.

ఈ పరిణామాలకు సేన్‌గుప్తాను ఒక్కరినే బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదు. దేశమంతటా మతసంబంధాలు క్షీణిస్తున్న కాలమది. దాస్ బ్రతికి ఉన్నా ఒప్పందం నిలిచేదని రూఢిగా చెప్పలేం. అయితే ఒక తేడా స్పష్టం. ఒప్పందాన్ని తన సొంత మాటగా భావించి, దానికోసం సొంత పార్టీతో తలపడగల వ్యక్తి 1926లో లేరు. పదవీ వారసుడికి ఆ మాట పాత యజమాని అప్పులా మిగిలింది.

7. 1927–30: ఏటేటా ఎన్నిక, ఏటేటా చీలిక

సేన్‌గుప్తా 1926, 1927లలో మళ్లీ మేయరుగా ఎన్నికయ్యారు. ఈలోగా కలకత్తా కాంగ్రెసులో మరో కేంద్రం ఏర్పడింది. శరత్ చంద్రబోస్, బిధాన్ చంద్ర రాయ్, నళినీ రంజన్ సర్కార్, తులసీ చరణ్ గోస్వామి, నిర్మల్ చంద్ర చందర్‌లను అప్పట్లో 'పెద్ద అయిదుగురు' అని పిలిచేవారు. ధనబలం, వృత్తిపరమైన ప్రతిష్ఠ, నగర పరిచయాలు వీరి బలం. దాస్ కాలంలో ఆయన వెంట నిలిచిన ఈ నగర ప్రముఖులకు చిట్టగాంగ్ నాయకుడి త్రిపదాధిపత్యం క్రమంగా భారమైంది.

1927 మేలో సుభాష్ విడుదలయ్యారు. ఆ ఏడాది చివరికి రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షత ఆయనకు వచ్చింది. మూడు కిరీటాల ఏర్పాటు రెండున్నరేళ్లకే సడలింది. 1928 ఏప్రిల్ మేయర్ ఎన్నికకు ముందు నగర నాయకత్వంలో వచ్చిన రెండవ పెద్ద మార్పు ఇది. ఆ ఎన్నికలో సుభాష్ పోటీ చేశారు. విజయ్ కుమార్ బసు చేతిలో ఓడిపోయారు. దాస్ నాడు స్వరాజ్య పార్టీ సులువుగా గెలిచిన పదవి నాలుగేళ్లకు చేజారింది. కార్పొరేషన్‌లో దాస్ కూడగట్టిన ఆధిక్యం కేవలం కాంగ్రెస్ టికెట్ల వల్ల వచ్చింది కాదని ఈ ఫలితం రుజువు చేసింది.

1929లో సేన్‌గుప్తా మళ్లీ మేయర్ అయ్యారు. అప్పటికి రాష్ట్ర కాంగ్రెస్ సుభాష్, సేన్‌గుప్తా వర్గాలుగా విడిపోయింది. స్థూలంగా చూస్తే విప్లవ బృందాల్లో యుగాంతర్ సుభాష్ వైపు, అనుశీలన్ సేన్‌గుప్తా వైపు మొగ్గాయి. ఇద్దరి సిద్ధాంతాల మధ్య అంతరం పెద్దదేమీ కాదు. ఇద్దరూ పలుమార్లు జైలుకు వెళ్లారు. తగాదా సంస్థపై ఆధిపత్యం గురించి.

1930లో జరిగినది ఈ స్థితికి పరాకాష్ఠ. ఉప్పు సత్యాగ్రహం సాగుతున్న ఏప్రిల్‌లో సేన్‌గుప్తా అయిదవసారి మేయరుగా ఎన్నికయ్యారు. జైలులో ఉండడం వల్ల గడువులోగా ప్రమాణం చేయలేకపోయారు. స్థానం ఖాళీ అయింది. ఆగస్టు 22న సుభాష్ మేయరుగా ఎన్నికయ్యారు. ఆయన కూడా అప్పుడు ఆలీపూర్ జైలులోనే ఉన్నారు. సెప్టెంబరులో విడుదలై బాధ్యత చేపట్టారు. 1931 జనవరి 26న స్వాతంత్ర్య దినోత్సవ ఊరేగింపుకు నాయకత్వం వహించినప్పుడు పోలీసుల లాఠీదెబ్బలు తిని మళ్లీ జైలుకు వెళ్లారు.

ఖైదీని మేయరుగా ఎన్నుకోవడం బ్రిటిష్ ప్రభుత్వానికి గట్టి సమాధానమే. ఆ దృష్టితో చూస్తే 1930 ఎన్నికలు కలకత్తా పౌర చరిత్రలో గౌరవప్రదమైన ఘట్టాలు. అయితే సభా మందిరం దృష్టితో చూస్తే ఒకే ఏడాది ఒకే పార్టీకి చెందిన ఇద్దరు ఖైదీలు ఒకే పీఠానికి రావడంలో అంతర్గత పోరు నీడ కూడా ఉంది. త్యాగమూ, స్పర్ధా ఒకే సంఘటనలో కలిసి ఉండడం ఈ కాలపు లక్షణం. వాటిలో ఒకదానిని మాత్రమే చెప్పే చరిత్ర అసంపూర్ణమవుతుంది.

8. రాజీ మేయర్ నుంచి లీగ్ మేయర్ వరకు

1931లో బిధాన్ చంద్ర రాయ్ మేయరై రెండేళ్లు కొనసాగారు. అదే ఏడాది బెంగాల్ కాంగ్రెస్ తగాదాను తీర్చడానికి అధిష్ఠానం ఎం.ఎస్. అణేను మధ్యవర్తిగా పంపింది. సుభాష్ రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షతను వదులుకున్నారు. 1925లో వారసుణ్ణి నిర్ణయించడానికి జాతీయ నాయకుడు అవసరమైతే, 1931లో వారసుల మధ్య తీర్పు చెప్పడానికి మరొక జాతీయ నాయకుడు అవసరమయ్యారు. సేన్‌గుప్తా 1933 జులైలో రాంచీలో నిర్బంధంలో ఉండగా మరణించారు. అదే ఏడాది ప్రభుత్వం పురపాలక చట్టాన్ని సవరించి, రాజకీయోద్యమాల్లో శిక్షపడినవారిని కార్పొరేషన్ ఉద్యోగాల్లోకి తీసుకోకుండా కట్టడి చేసింది. కాంగ్రెస్ తన కార్యకర్తలకు ఆశ్రయంగా మలచుకున్న సంస్థపై ఇది గురిచూసి కొట్టిన దెబ్బ.

1935లో ఎ.కె. ఫజ్లుల్ హక్ కలకత్తాకు తొలి ముస్లిం మేయర్ అయ్యారు. దాస్ ఒప్పందం నడిచి ఉంటే భాగస్వామ్య ఫలంగా రావలసిన ఈ ఘట్టం, ఆ ఒప్పందం చెదిరిన పదేళ్లకు, వర్గాల బలాబలాల మధ్య నుంచి వచ్చింది.

1940లో మరొక మలుపు వచ్చింది. అప్పటికి సుభాష్ త్రిపురిలో గెలిచి, అధ్యక్ష పదవికి రాజీనామా చేసి, కాంగ్రెస్ క్రమశిక్షణ చర్యకు గురయ్యారు. కార్పొరేషన్ ఎన్నికల తర్వాత ఆయన వర్గం ముస్లిం లీగ్‌తో అవగాహనకు వచ్చింది. లీగ్ నాయకుడు అబ్దుర్ రహమాన్ సిద్దీకీ మేయర్ అయ్యారు. సుభాష్ విమర్శకులకు ఇది అవకాశవాదంగా తోచింది. పదిహేనేళ్ల చరిత్ర నేపథ్యంలో దీనిని మరోవిధంగా కూడా చదవవచ్చు. 1924లో దాస్ పక్కన ముఖ్య కార్యనిర్వహణాధికారిగా కూర్చున్న వ్యక్తి, ఇతర వర్గంతో షరతులు రాసుకోకుండా ఆ నగరాన్ని పాలించలేమన్న గురువు పాఠానికే తిరిగి వచ్చారు. అయితే దాస్ నాడు ఒప్పందం కుదుర్చుకున్న ముస్లిం నాయకులు కాంగ్రెస్ వెంట నడవడానికి సిద్ధంగా ఉన్నవారు. 1940లో ఎదుట ఉన్నది లాహోర్ తీర్మానం చేసిన పార్టీ. పాఠం అదే అయినా కాలం మించిపోయింది.

9. ఉపసంహారం

ఈ పరిశీలన నుంచి మూడు నిర్ణయాలు చేయవచ్చు.

మొదటిది: 1925 నాటి ఏర్పాటు ఐక్యతకు ప్రతీకలను కాపాడింది గాని ఐక్యతకు ఆధారాలను కాపాడలేదు. పదవి కనిపిస్తుంది, ఒడంబడిక కనిపించదు. సంక్షోభంలో నాయకులు కనిపించే దానినే ముందు పట్టుకున్నారు.

రెండవది: అధికారం తక్కువగా, ప్రతిష్ఠ ఎక్కువగా ఉండి, ఏటా ఎన్నిక జరిగే పదవిని పార్టీ పెద్దరికంతో ముడిపెట్టినప్పుడు, ఆ ఎన్నిక నగర సమస్యల మీద తీర్పుగా మిగలదు. ఉచిత పాఠశాలలు, పాలు, నీరు, పేదల ఇళ్లు అన్న 1924 కార్యక్రమం పూర్తిగా ఆగిపోలేదు. అయితే మేయర్ ఎవరన్న చర్చలో అది అప్రధానమైంది. ఈ మార్పు వల్ల నష్టపోయినది ఏ వర్గమూ కాదు, మురికివాడల్లోని నగరవాసి.

మూడవది: బెంగాల్ ఒప్పందాన్ని నిలబెట్టగలిగిన సంస్థాగత బలం ఒకటే ఉండేది. అది అఖిల భారత కాంగ్రెస్ ఆమోదం. కాకినాడలో అది లభించలేదు. ఫలితంగా ఒప్పందం ఒక మనిషి మాటగా మిగిలి, ఆ మనిషితో పాటు పోయింది. కాకినాడ ప్రతినిధుల అభ్యంతరంలో తర్కం ఉంది. దేశమంతటికీ ఒకే పరిష్కారం కావాలన్న వారి కోరిక న్యాయమైనదే. అయితే ఆ అఖిల భారత పరిష్కారం రాలేదు. తెలుగు నేల మీద జరిగిన ఆ మహాసభను స్థానిక చరిత్రలు ఏర్పాట్ల వైభవం ద్వారానే ఎక్కువగా గుర్తుచేస్తాయి. అక్కడ తిరస్కరించిన ఒక తీర్మానం పర్యవసానాలు కలకత్తా సభా మందిరంలో, వీథుల్లో ఏళ్ల తరబడి వెంటాడిన సంగతి కూడా ఆ చరిత్రలో చేరవలసి ఉంది.

నేటికీ నగరపాలక ఎన్నికలకు ముందు పార్టీలు నగర అధ్యక్షులను మారుస్తాయి, బాధ్యతలను ఒకరి నుంచి మరొకరికి అప్పగిస్తాయి. అటువంటి ప్రతి మార్పును పరిశీలించేటప్పుడు పదవి ఎవరికి వచ్చిందన్నది తేలికైన ప్రశ్న. పాత నాయకుడు ఎవరెవరికి ఏయే మాట ఇచ్చాడు, వాటిని కొత్త నాయకుడు తన మాటలుగా స్వీకరించాడా అన్నది అడగవలసిన ప్రశ్న. 1925 జులైలో కలకత్తాలో ఆ ప్రశ్నను ఎవరూ అడగలేదు. 1926 ఏప్రిల్‌లో దానికి సమాధానం వీథుల్లో దొరికింది.